ట్రంప్ సంతకం పెట్టారు.. మరి లేఖ రాయాల్సింది వైట్‌హౌస్‌కా, కాంగ్రెస్‌కా? అమెరికాలో ఒక ఉత్తరం పవర్ ఎంత?

2025 సెప్టెంబర్ 19, శుక్రవారం. అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఒక ప్రకటనపై సంతకం పెట్టారు. హెచ్-1బీ పిటిషన్‌కు లక్ష డాలర్లు కట్టాల్సిందే! మన కరెన్సీలో దాదాపు 88 లక్షల రూపాయలు. సెప్టెంబర్ 21న అర్ధరాత్రి దాటిన మొదటి నిమిషం నుంచే అమలు అన్నారు. మన టైమ్ ప్రకారం ఆదివారం ఉదయం 9.31 గంటలు. అంతే.. సెలవుల మీద ఇంటికొచ్చిన టెకీలు ఉన్నపళంగా పెట్టెలు సర్దుకుని ఎయిర్‌పోర్టులకు పరుగులు పెట్టారు. వెంటనే అమెరికా వచ్చేయండి అంటూ కొన్ని పెద్ద కంపెనీలు ఉద్యోగులకు మెయిళ్లు పంపాయి. మర్నాడు వైట్‌హౌస్ నుంచి వివరణ వచ్చింది. ఇది కొత్త పిటిషన్లకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదు అని. ఆ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ హడావిడే ఉండేది కాదు.

ఒక్క సంతకం. రెండు రోజుల గడువు. పార్లమెంటులో చర్చ లేదు, ఓటింగ్ లేదు. ఒక అధ్యక్షుడికి ఇంత అధికారం ఎక్కడి నుంచి వచ్చింది? నచ్చకపోతే అక్కడి సామాన్యుడు ఏం చేయాలి? అమెరికాలో దీనికి చాలా పాత సమాధానం ఒకటుంది. మీ ప్రతినిధికి ఉత్తరం రాయండి!

వినగానే నవ్వొస్తుంది. ఉత్తరం రాస్తే ట్రంప్ మారిపోతారా? చెత్తబుట్టలోకే కదా అనిపిస్తుంది. నిజానికి ఆ ఉత్తరం ఎవరి అడ్రస్‌కు వెళ్తోంది, ఏ విషయం మీద వెళ్తోంది అన్న దాన్ని బట్టి దాని విలువ మారిపోతుంది. అదెలాగో చూద్దాం.

తాళం ఎవరి దగ్గరుంది?

లక్ష డాలర్ల ప్రకటనకు ట్రంప్ వాడుకున్న ప్రధాన ఆయుధం ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 212 (ఎఫ్) సెక్షన్. దేశ ప్రయోజనాలకు నష్టం అని అధ్యక్షుడు భావిస్తే ఏ వర్గం విదేశీయుల ప్రవేశాన్నైనా ఆపొచ్చు, ఆంక్షలు పెట్టొచ్చు అని అది చెబుతుంది. ఈ సెక్షన్‌ను రాసింది ట్రంప్ కాదు. 1952లో అమెరికా కాంగ్రెస్సే చట్టం చేసి అధ్యక్షుడి చేతికిచ్చింది. ట్రంప్ మొదటి విడతలో కొన్ని దేశాల ప్రయాణికులపై నిషేధం పెట్టినప్పుడు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018 జూన్ 26న 5-4 తేడాతో కోర్టు ఆయన వైపే నిలిచింది. చట్టంలోనే అంత వెసులుబాటు ఉంది అన్నది ఆ తీర్పు సారాంశం.

ఇక్కడే అసలు పాయింట్ ఉంది. ఇచ్చింది కాంగ్రెస్ కాబట్టి, వెనక్కి తీసుకోగలిగేది కూడా కాంగ్రెస్సే. తాళం చెవి వైట్‌హౌస్‌లో లేదు, కాపిటల్ భవనంలో ఉంది. టారిఫ్‌లు కావచ్చు, ఎమర్జెన్సీ ప్రకటనలు కావచ్చు.. అధ్యక్షులు బయటకు తీసే అధికారాల్లో చాలా వరకు ఎప్పుడో కాంగ్రెస్ చేసిన చట్టాల పేరు చెప్పి తీసేవే.

అందుకే అధ్యక్షుడికి రాసే ఉత్తరానికీ, కాంగ్రెస్ సభ్యుడికి రాసే ఉత్తరానికీ చాలా తేడా ఉంది. ఒబామా రోజూ రాత్రి పూట ప్రజల నుంచి వచ్చిన 10 లేఖలు చదివేవారు. మంచి అలవాటే. కానీ వచ్చేవి వేలల్లో, చదివేవి పది. పైగా సంతకం పెట్టినాయన్నే ఆ సంతకం వెనక్కి తీసుకోమని అడగడం అది. కాంగ్రెస్ సభ్యుడి సంగతి వేరు. ప్రతినిధుల సభలో 435 మంది, సెనేట్‌లో 100 మంది ఉంటారు. ప్రతినిధుల సభ సభ్యుడు రెండేళ్లకోసారి మళ్లీ ఓట్లు అడుక్కోవాలి. ఒక్కో నియోజకవర్గంలో సగటున 7 లక్షల 60 వేల మంది జనాభా.

మన దగ్గరి వాళ్లకు ఒక డౌట్ రావచ్చు. సొంత పార్టీ అధ్యక్షుడిని కాదని ఎంపీ ఓటేస్తాడా అని. మన దేశంలో అది దాదాపు అసాధ్యం. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. నియోజకవర్గం నుంచి ఎన్ని ఉత్తరాలొచ్చినా ఎంపీ ఓటు పార్టీ ఆఫీసులోనే డిసైడ్ అవుతుంది. అమెరికాలో ఆ చట్టం లేదు. విప్ ఉంటాడు, బతిమాలతాడు, బెదిరిస్తాడు.. కానీ సీటు తీసేయలేడు. సీటు తీసేయగలిగేది నియోజకవర్గం ఓటర్లే. ఉత్తరానికి అక్కడ కాస్త బరువు ఉందంటే కారణం ఇదే.

కవరు లోపలికి వెళ్లాక..

ఇంతకీ రాసిన ఉత్తరం ఏమవుతుంది? ముందుగా ఒక చేదు నిజం. కాగితం మీద రాసి పోస్టులో వేస్తే అది సభ్యుడి ఆఫీసుకు చేరేసరికి చాలా రోజులు పడుతుంది. 2001 అక్టోబర్‌లో సెనేటర్ టామ్ డాష్లే ఆఫీసులో సిబ్బంది ఒక కవరు విప్పితే అందులో ఆంత్రాక్స్ పొడి ఉంది. సెనేటర్ పాట్రిక్ లేహీకీ అలాంటి కవరే పంపారు. ఆ ఏడాది ఆంత్రాక్స్ ఉత్తరాల వల్ల ఐదుగురు చనిపోయారు. ఒక సెనేట్ ఆఫీసు భవనాన్ని నెలల తరబడి మూసేశారు. అప్పటి నుంచి కాపిటల్‌కు వచ్చే తపాలా అంతా బయటే తనిఖీ చేసి, రేడియేషన్‌తో శుద్ధి చేశాకే లోపలికి పంపుతున్నారు. పొద్దున్నే నిర్ణయం తీసుకుని సాయంత్రం ఓటింగ్ పెట్టే రోజుల్లో ఈ ఆలస్యం అంటే ఉత్తరం వెళ్లేసరికి పెళ్లి అయిపోయి పందిరి విప్పేసి ఉంటుంది.

కాబట్టి ఇప్పుడు ఎక్కువగా నడిచేవి రెండు దారులు. ఒకటి సభ్యుడి వెబ్‌సైట్‌లోని ఫారం, రెండోది ఫోన్. కాపిటల్ స్విచ్‌బోర్డు నంబర్ 202-224-3121కు చేసి పేరు చెబితే ఆ ఆఫీసుకు కలుపుతారు. ఫారంలో ముందుగా అడిగేది అడ్రస్, జిప్ కోడ్. ఇది ఫార్మాలిటీ అనుకోవద్దు. నియోజకవర్గం బయటి నుంచి వచ్చే మెసేజ్‌లను చాలా ఆఫీసులు పక్కన పెట్టేస్తాయి. టెక్సాస్‌లో ఉండే వ్యక్తి కాలిఫోర్నియా సభ్యుడికి ఎంత గొప్పగా రాసినా ఉపయోగం తక్కువే. డల్లాస్ మామయ్య మెసేజ్ డల్లాస్ సభ్యుడికే వెళ్లాలి.

మెసేజ్‌ను మొదట చూసేది సభ్యుడు కాదు. ప్రతినిధుల సభ సభ్యుడికి గరిష్ఠంగా 18 మంది పర్మనెంట్ సిబ్బంది మాత్రమే ఉండొచ్చు. అందులో సగం మందో ఎందరో సొంత నియోజకవర్గం ఆఫీసుల్లో ఉంటారు. వాషింగ్టన్‌లో ఫోన్ ఎత్తేది చాలాసార్లు ఇరవై, ఇరవై రెండేళ్ల ఇంటర్న్. అతను రాసుకునేది క్లుప్తంగా ఉంటుంది. ఏ విషయం, అనుకూలమా వ్యతిరేకమా, ఏ ఊరు. ఇవన్నీ కంప్యూటర్‌లో లెక్క కడతారు. లెజిస్లేటివ్ కరస్పాండెంట్ అనే ఉద్యోగి జవాబుల డ్రాఫ్ట్ రాస్తారు. ఏ విషయం మీద ఎన్ని వచ్చాయో సభ్యుడికి ఎప్పటికప్పుడు నివేదిక వెళ్తుంది.

దీన్ని బట్టి ఒక విషయం అర్థమవుతుంది. సంఘాలు తయారు చేసి ఇచ్చే ఒకే మూస మెసేజ్‌ను పదివేల మంది ఫార్వర్డ్ చేస్తే, అది లెక్కలో ఒక అంకె అవుతుంది. అంకెకూ విలువ ఉంది, కాదనలేం. కానీ నివేదికలో అంకె పక్కన ఎవరిదైనా సొంత కథ జోడించాలంటే ఆ సిబ్బందికి కావాల్సింది సొంత మాటల్లో రాసిన ఉత్తరం. నా భార్య ఈ నియోజకవర్గంలోని ఫలానా ఆస్పత్రిలో నర్సు, ఈ నిర్ణయం వల్ల ఇలా జరుగుతుంది అని నాలుగు వాక్యాలు రాస్తే చాలు.

లక్షల టెలిగ్రాములు.. దిగొచ్చిన నిక్సన్

ఈ లెక్కలు చరిత్రను మార్చిన రోజులు ఉన్నాయా? ఉన్నాయి. అందులో అన్నిటికన్నా పెద్దది 1973 అక్టోబర్ 20 రాత్రి మొదలైంది.

వాటర్‌గేట్ కుంభకోణంపై దర్యాప్తు చేస్తున్న ప్రత్యేక ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్, అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ ఆఫీసులో రికార్డయిన టేపులు ఇవ్వాల్సిందే అని పట్టుబట్టారు. కాక్స్‌ను తీసేయమని నిక్సన్ అటార్నీ జనరల్ ఎలియట్ రిచర్డ్‌సన్‌ను ఆదేశించారు. ఆయన కుదరదని రాజీనామా చేశారు. ఆయన కింద ఉన్న విలియం రకల్స్‌హౌస్ కూడా ససేమిరా అని పదవి వదిలేశారు. చివరికి మూడో స్థానంలో ఉన్న రాబర్ట్ బోర్క్ ఆ పని చేశారు. శనివారం రాత్రి జరిగిన ఈ వ్యవహారం టీవీల్లో చూసి అమెరికా నివ్వెరపోయింది. దర్యాప్తు చేసేవాడిని, దర్యాప్తు ఎదుర్కొంటున్నవాడే తీసేయొచ్చా?

అప్పట్లో ఈమెయిల్ లేదు. జనం టెలిగ్రాం ఆఫీసులకు వెళ్లారు. రోజుల వ్యవధిలో వైట్‌హౌస్‌కూ, కాంగ్రెస్‌కూ లక్షల్లో టెలిగ్రాములు వచ్చి పడ్డాయి. కట్టల కొద్దీ కాగితాలు సభ్యుల టేబుళ్ల మీద పేరుకుపోయాయి. అంతవరకు ఊగిసలాడిన సభ్యులు కూడా అభిశంసన మాట ఎత్తడం మొదలుపెట్టారు. మూడే రోజులు.. అక్టోబర్ 23న టేపులు కోర్టుకు ఇస్తానని నిక్సన్ తన లాయర్ ద్వారా చెప్పించారు. నవంబర్ 1న కొత్త ప్రాసిక్యూటర్‌గా లియాన్ జవోర్‌స్కీ పేరు ప్రకటించాల్సి వచ్చింది. 1974 ఆగస్టు 9న నిక్సన్ గద్దె దిగారు.

టెలిగ్రాములే నిక్సన్‌ను దించాయా అంటే కాదు. కోర్టులు, పత్రికలు, సెనేట్ విచారణ అన్నీ కలిసి దించాయి. కానీ ఆ వారం అటో ఇటో తేల్చుకోలేని సభ్యులకు ధైర్యం ఇచ్చింది మాత్రం ఆ కట్టలే. ఇంకో సంగతి.. నిక్సన్ వీటో చేసినా సరే, అదే ఏడాది నవంబర్ 7న కాంగ్రెస్ మూడింట రెండొంతుల మెజారిటీతో యుద్ధ అధికారాల చట్టాన్ని పాస్ చేసింది. సైన్యాన్ని యుద్ధంలోకి పంపితే అధ్యక్షుడు 48 గంటల్లో కాంగ్రెస్‌కు చెప్పాలి, అనుమతి లేకపోతే 60 రోజుల్లో ఆపాలి అన్నది అందులోని రూలు. తర్వాత వచ్చిన అధ్యక్షులు దాన్ని ఎంతవరకు పట్టించుకున్నారన్నది వేరే కథ.

యుద్ధం విషయంలో ఉత్తరాల దెబ్బ 2013లో మరోసారి కనిపించింది. సిరియాపై దాడికి అనుమతి కోరుతూ ఒబామా ఆగస్టు 31న బంతిని కాంగ్రెస్ కోర్టులోకి నెట్టారు. అంతే, సభ్యుల ఆఫీసుల ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. వస్తున్న కాల్స్, మెయిళ్లలో దాదాపు అన్నీ వద్దు అనే చెబుతున్నాయని రెండు పార్టీల సభ్యులూ బహిరంగంగానే చెప్పారు. సెనేట్ విదేశీ వ్యవహారాల కమిటీ 10-7తో ఓకే చెప్పినా, పూర్తి సభలో ఓటింగ్ దాకా వెళ్లనే లేదు. ఈలోగా రసాయన ఆయుధాలు అప్పగించే ఒప్పందానికి రష్యా దారి చూపడంతో సెప్టెంబర్ 10న ఒబామాయే ఓటింగ్ వాయిదా వేయమన్నారు.

గెలిచినా చాలలేదు.. మధ్యలో ఒక భారత సంతతి విద్యార్థి

ఇక్కడి దాకా వింటే ఉత్తరాలు రాస్తే పనైపోతుంది అనిపిస్తుంది. కాదు. 2019లో ఏం జరిగిందో చూస్తే అర్థమవుతుంది.

మెక్సికో సరిహద్దు గోడకు కాంగ్రెస్ అడిగినంత డబ్బు ఇవ్వలేదని ట్రంప్ ఫిబ్రవరి 15న నేషనల్ ఎమర్జెన్సీ ప్రకటించారు. దాన్ని రద్దు చేస్తూ ప్రతినిధుల సభ తీర్మానం పాస్ చేసింది. మార్చి 14న సెనేట్‌లోనూ 59-41తో నెగ్గింది. ట్రంప్ సొంత పార్టీ సెనేటర్లే 12 మంది ఆయనకు వ్యతిరేకంగా ఓటేశారు. రెండు సభల్లో మెజారిటీ వద్దంది. ఎమర్జెన్సీ పోయిందా? పోలేదు! మర్నాడే ట్రంప్ వీటో చేశారు. అధ్యక్షుడిగా ఆయన వాడిన మొట్టమొదటి వీటో అదే. మార్చి 26న వీటోను తోసిపుచ్చే ప్రయత్నం జరిగితే 248 ఓట్లు వచ్చాయి, వ్యతిరేకంగా 181. మెజారిటీ బ్రహ్మాండంగా ఉంది. కానీ కావాల్సింది మూడింట రెండొంతులు, అంటే 286. ముప్పై ఎనిమిది ఓట్లు తగ్గాయి.

మెజారిటీ ఉన్నా ఓడిపోవడం ఏంటి? దీని వెనక జగదీశ్ రాయ్ చద్దా అనే వ్యక్తి కేసు ఉంది. కెన్యాలో పుట్టిన భారత సంతతి యువకుడు, చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టు. 1966లో చదువుకోవడానికి ఒహాయో వెళ్లారు. వీసా గడువు 1972లో అయిపోయింది. వెనక్కి పంపొద్దని ఇమ్మిగ్రేషన్ జడ్జి ఆయనకు ఊరట ఇచ్చారు. అయితే అప్పటి చట్టం ప్రకారం కాంగ్రెస్‌లో ఒక్క సభ తలచుకున్నా ఆ ఊరటను కొట్టేయొచ్చు. 1975 డిసెంబర్‌లో ప్రతినిధుల సభ చర్చే లేకుండా ఆ పని చేసింది. ఆరుగురి జాబితాలో చద్దా పేరు ఒకటి. ఆయన కోర్టుకెక్కారు. 1983 జూన్ 23న సుప్రీంకోర్టు 7-2తో చద్దా వైపు తీర్పు ఇచ్చింది. అధ్యక్షుడి సంతకానికి పంపకుండా కాంగ్రెస్ ఇలా కార్యనిర్వాహక నిర్ణయాలను కొట్టేయడం రాజ్యాంగ విరుద్ధం అంది.

చద్దా అమెరికాలో ఉండిపోయారు. కానీ ఆ తీర్పు దెబ్బ ఎమర్జెన్సీ చట్టం మీదా పడింది. 1976 చట్టం ప్రకారం రెండు సభలూ తీర్మానిస్తే చాలు, ఎమర్జెన్సీ పోయేది. చద్దా తీర్పు తర్వాత 1985లో దాన్ని మార్చారు. ఇప్పుడు ఆ తీర్మానం కూడా అధ్యక్షుడి టేబుల్ మీదకే వెళ్లాలి. తన ఎమర్జెన్సీని రద్దు చేసే కాగితం మీద ఏ అధ్యక్షుడు సంతకం పెడతాడు? దొంగ చేతికే తాళాలు ఇచ్చినట్టు లేదూ!

అందుకే అధ్యక్షుడి అధికారం మీద రాసే ఉత్తరం బరువైన పని. ఒక బిల్లు కోసమైతే సభలో సగం మందిని ఒప్పిస్తే చాలు. అధ్యక్షుడి నిర్ణయాన్ని తిప్పికొట్టాలంటే ఆయన సొంత పార్టీ వాళ్లను కూడా భారీగా కదిలించాలి. ప్రతిపక్ష సభ్యుడికి రాసే వంద మెయిళ్లకన్నా, అధ్యక్షుడి పార్టీకి చెందిన సభ్యుడికి అదే నియోజకవర్గం నుంచి వెళ్లే పది మెయిళ్లు ఇక్కడ ఎక్కువ పనిచేసే అవకాశం ఉంది.

ఓటు లేదు.. అయినా రాయొచ్చా?

తెలుగువాళ్లలో చాలామందికి వచ్చే ప్రశ్న ఇది. హెచ్-1బీ మీద ఉన్నాం, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాం. ఓటు లేని వాడి మాట ఎవరు వింటారు? రాస్తే వీసాకు ఇబ్బంది వస్తుందేమో అన్న భయం కూడా ఉంది, ఈ రోజుల్లో ఆ భయాన్ని తీసిపారేయలేం. చట్టం మాటకొస్తే, 1791లో వచ్చిన మొదటి సవరణ ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కును ప్రజలు అన్న మాటతోనే ఇచ్చింది, ఓటర్లు అనలేదు. సభ్యుల సీట్లను రాష్ట్రాలకు పంచేటప్పుడు కూడా లెక్కించేది మొత్తం జనాభానే.

అనుభవం కూడా ఉంది. హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములు పనిచేసుకునే అవకాశం, అదే హెచ్-4 ఈఏడీ, 2015 మేలో ఒబామా హయాంలో నిబంధనగా వచ్చింది. కాంగ్రెస్ చేసిన చట్టం కాదు కాబట్టి కొత్త ప్రభుత్వం మార్చేయొచ్చు. ట్రంప్ మొదటి విడతలో తీసేస్తామని ప్రకటించారు. వాళ్లలో అత్యధికులు భారతీయ మహిళలే. ఓటు లేని ఈ మహిళలు తమ ప్రతినిధుల ఆఫీసులకు వెళ్లారు, ఉత్తరాలు రాశారు, ఉద్యోగం పోతే ఇంటి లోను ఏమవుతుందో వివరించారు. 2018 మేలో 130 మంది కాంగ్రెస్ సభ్యులు దాన్ని కొనసాగించాలని హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖకు లేఖ రాశారు. ఆ రద్దు ప్రతిపాదన నాలుగేళ్లూ ఫైళ్లలోనే తిరిగి, 2021 జనవరిలో బైడెన్ వచ్చాక వెనక్కి వెళ్లిపోయింది.

గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి కథ మాత్రం సుఖాంతం కాలేదు. అది కాంగ్రెస్ చేసిన చట్టం, అధ్యక్షుడు ఒక్కడే తీసేయలేడు. ఏళ్ల తరబడి మనవాళ్లు సభ్యుల చుట్టూ తిరిగారు. 2019 జూలై 10న ప్రతినిధుల సభలో 365-65తో బిల్లు పాసైంది. 2020 డిసెంబర్ 2న సెనేట్ వేరే రూపంలో ఆమోదించింది. రెండూ ఒకటి కాలేదు, గడువు ముగిసింది, బిల్లు మురిగిపోయింది.

పుట్టుకతో వచ్చే పౌరసత్వం లాంటివి ఇంకో రకం. 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఆ ఆర్డర్‌పై గొడవంతా 1868 నాటి 14వ సవరణ అర్థం గురించి. అది కోర్టుల్లో తేలాల్సిందే. అక్కడ సభ్యుడికి రాసే ఉత్తరం వల్ల ఒరిగేది తక్కువ.

రాసేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఒక ఉత్తరంలో ఒకే విషయం. బిల్లు ఉంటే దాని నంబర్. మొదటి వాక్యంలోనే ఏ ఊరి నుంచి రాస్తున్నారో, ఏం కావాలో ఉండాలి. ఆ ఇంటర్న్‌కు మూడో పేరా దాకా వెళ్లే టైమ్ ఉండదు. ట్రంప్ చెడ్డవాడు, లేదా ట్రంప్ దేవుడు అని రాస్తే దాన్ని ఏ లెక్కలో వేయాలో కూడా తెలియదు. ఫలానా తీర్మానానికి ఓటేయండి, ఫలానా సెక్షన్ మార్చండి అంటే లెక్కకు అందుతుంది.

సొంత ఫైలు ఆగిపోతే మాత్రం అది వేరే దారి. పాస్‌పోర్టు, వీసా, గ్రీన్‌కార్డు దరఖాస్తు నెలల తరబడి కదలకపోతే సభ్యుడి స్థానిక ఆఫీసులో కేస్‌వర్కర్‌ను కలవాలి. మన ప్రజావాణిలో అర్జీ ఇచ్చినట్టే అనుకోవచ్చు. 1974 ప్రైవసీ చట్టం ప్రకారం ముందుగా అనుమతి పత్రంపై సంతకం పెట్టాలి, అప్పుడే ఆ ఆఫీసు మీ ఫైలు గురించి అడగగలుగుతుంది. నిర్ణయం మార్చలేరు, కానీ ఫైలు ఎక్కడుందో కనుక్కోగలరు. పాలసీ ఉత్తరంలో దీన్ని కలిపేస్తే రెండూ ఆలస్యమవుతాయి.

జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు. వచ్చినా చాలాసార్లు అటూ ఇటూ కాని మాటలే ఉంటాయి. మీ అభిప్రాయాన్ని గుర్తుంచుకుంటాను అని రాసి కింద సంతకం. అసలు జవాబు కావాలంటే ప్రతినిధుల సభ క్లర్క్ వెబ్‌సైట్‌లో రోల్ కాల్ ఓట్లు చూడాలి. ఏ సభ్యుడు ఎటు ఓటేశాడో పేరుతో సహా ఉంటుంది. 2019 మార్చి 26 నాటి ఆ 248 మంది పేర్లు, వాళ్లలో సొంత అధ్యక్షుడి వీటోకు ఎదురు నిలిచిన 14 మంది రిపబ్లికన్ల పేర్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.